ముందు బాడీ చూడండి, ఇంజన్‌కి ఆటోనగర్ ఉంది

పదిహేనేళ్లు దాటిన కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తించి, స్టార్ట్ చేయించి, ఇంజన్ చప్పుడు వింటారు. విజయవాడ, గుంటూరు వైపు ఉండేవాళ్లు ఈ వరుసను తిరగెయ్యడం మంచిది. బోరు వేయడం (సిలిండర్ లోపలి గోడని తొలిచి సరిచేయడం), క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ (సిలిండర్ల పైమూతని చదును చేయడం), రేడియేటర్, డైనమో, సెల్ఫ్... ఇలా ఒక్కో పనికీ ఆటోనగర్‌లో విడివిడిగా షాపులున్నాయి. ఇంజన్ ఎంత అరిగినా డబ్బూ ఓపికా ఉంటే మళ్లీ దారికొస్తుంది. ఫ్లోర్ రేకు, సిల్లు (డోర్ల కింద పొడవునా ఉండే రేకు), స్ట్రట్ టవర్లు (ముందు షాక్ అబ్జార్బర్లు పైన బిగించే చోట్లు) తుప్పు తిన్న బాడీ మాత్రం దారికి రాదు. అతుకు వేస్తారు, లప్పం పూస్తారు, రంగు కొడతారు, రెండు వానాకాలాలు గడిచేసరికి అదే చోట తుప్పు పొంగుతుంది. అందుకే బేరం ఆడాల్సింది బాడీకీ కాగితాలకీ. ఇంజన్‌కి పట్టే ఖర్చు ఎంతో ముందే అడిగి తెలుసుకుని, దాన్ని ధరలోంచి తగ్గించమనాలి.

ఏ కార్లు నిలుస్తున్నాయి

పాత కార్లన్నీ గట్టివన్న మాట నిజం కాదు. నిలిచినవాటికి కారణాలున్నాయి. 1983 నుంచి 2014 దాకా తయారైన మారుతి 800లో 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ ఉంటుంది. కారు బరువు దాదాపు 650 కిలోలే. బరువు తక్కువ కాబట్టి బ్రేకులు, క్లచ్, సస్పెన్షన్ మీద భారం తక్కువ, అరుగుదలా తక్కువే. కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోలునీ కలిపే పాత పద్ధతి పరికరం) మోడల్ అయితే స్క్రూడ్రైవర్, స్పానర్ పట్టడం వచ్చిన ఏ మెకానిక్ అయినా రోడ్డు పక్కనే సరిచేయగలడు. టయోటా క్వాలిస్ (2000–2005)లో ఉన్న 2446 సీసీ డీజిల్ ఇంజన్‌కి మెకానికల్ పంపు. డీజిల్ కాస్త మురికిగా ఉన్నా ఓర్చుకుంటుంది. తర్వాత వచ్చిన, కంప్యూటర్ అదుపులో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజన్లకి ఆ ఓర్పు లేదు, ఇంజెక్టర్లలోకి నీళ్లు వెళ్తే ఒక పాత కారు ధరకి దగ్గర పడే బిల్లు వస్తుంది.

నడపడంలో ఉండే సుఖం కోసం వెతికేవాళ్లు మారుతి జెన్, ఎస్టీమ్, మొదటి తరం హోండా సిటీ వీటెక్ చుట్టూ తిరుగుతారు. ఆ ఇష్టంలో తప్పేమీ లేదు. సన్నటి పిల్లర్లు, నాలుగు మూలలూ కనిపించే అద్దాలు, చేతికి రోడ్డు తెలిసే స్టీరింగ్ ఇప్పటి కార్లలో అరుదు. సిటీ వీటెక్ 1.5 లీటర్ ఇంజన్ 106 హార్స్‌పవర్ ఇస్తుంది, ఆ బరువుకి అది చాలా ఎక్కువ. అయితే ఒక హెచ్చరిక. జెన్ 993 సీసీ, ఎస్టీమ్ 1298 సీసీ ఇంజన్లు రెండూ పూర్తిగా అల్యూమినియం. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే హెడ్ వంగుతుంది. మన మే నెల ఎండలో ఈ కార్లు కొనేవాళ్లు కూలింగ్ మీద పెట్టే శ్రద్ధ మరి దేనిమీదా పెట్టనక్కర్లేదు.

తుప్పు ఎక్కడ దాక్కుంటుంది

వెళ్లేటప్పుడు ఒక టార్చి, చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి పలచని గుడ్డ, ఒక స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ పట్టుకెళ్లండి. ఉదయం వెలుతురులో, కారు తడిలేకుండా ఉన్నప్పుడు చూడాలి. కడిగి మెరిపించి పెట్టిన కారులో రంగు తేడాలు కనిపించవు.

అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి డోర్ల కింది అంచులు, వెనక చక్రాల పైన వంపు, సిల్లుల వెంట జరుపుతూ వెళ్లండి. పట్టు సడలిన చోట కింద లప్పం మందంగా ఉంది. చిన్న గీత కోసం వేసిన లప్పం తప్పు కాదు గానీ, సిల్లు మీద పట్టు లేకపోతే లోపల రేకు పోయినట్టే. తర్వాత మ్యాట్లు పూర్తిగా ఎత్తి డ్రైవర్ కాళ్ల దగ్గర, ముందు సీట్ల కింద ఫ్లోర్‌ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు గణగణమంటుంది, తిన్న రేకు చప్పగా పలుకుతుంది. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత అడుగు చూడండి. బ్యాటరీ ట్రే కింద, ముందు అద్దం రబ్బరు కింది మూలలు, బానెట్ తెరిస్తే రెండు వైపులా కనిపించే స్ట్రట్ టవర్ల పైభాగం వదలొద్దు. టవర్ చుట్టూ పగులు గానీ కొత్త వెల్డింగ్ గానీ కనిపిస్తే అక్కడితో బేరం ఆపేయడమే మేలు.

సిల్లుల బలం తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. జాకీ పాయింట్ దగ్గర ఒక ముందు చక్రం నేలని వదిలేదాకా లేపి, ఆ వైపు డోర్ తెరిచి మూయండి. మామూలుగానే పడితే సరే. డోర్ పట్టేసినా, గ్యాప్ మారినా బాడీ వంగుతోందని అర్థం. జాకీ పాయింట్ లోపలికి నొక్కుకుపోతే ఇంకేమీ చూడక్కర్లేదు. కారు లేపి ఉన్నప్పుడు దాని కిందికి మాత్రం దూరకండి. బాపట్ల, చీరాల, మచిలీపట్నం వైపు ఎక్కువకాలం తిరిగిన కార్లలో ఉప్పుగాలి వల్ల అడుగుభాగం, బ్రేక్ పైపులు ముందే తుప్పు పడతాయి. అక్కడి కారైతే రెండింతలు జాగ్రత్తగా చూడాలి.

బుడమేరు నీళ్లు తాగిన కార్లు

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ఇళ్లను రోజుల తరబడి ముంచింది. వీధుల్లో ఉన్న కార్లు కూడా మునిగాయి. వాటిలో చాలావాటిని శుభ్రం చేసి మళ్లీ రోడ్డెక్కించారు. అమ్మేవాళ్లు దాచాలనుకుంటే పైకి ఏమీ కనబడదు, కాబట్టి ఈ ప్రాంతంలో ఏ కారు చూసినా వరద పరీక్ష చేయాల్సిందే.

సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. రీల్‌లో చుట్టుకుని ఉండే ఆఖరి భాగాన్ని ఎవరూ కడగరు, బురద గీత అక్కడ మిగిలిపోతుంది. సీటు పట్టాల బోల్టులు, డాష్‌బోర్డు కింద కనిపించే స్క్రూలు ఒకేలా తుప్పు పట్టి ఉన్నాయా చూడండి. కార్పెట్ కింద ఫోమ్‌ని వేలితో నొక్కితే ఒండ్రు పొడి రాలుతుంది. ఫ్యూజు పెట్టెలో ఒకటి రెండు ఫ్యూజులు లాగి వాటి కాళ్లు చూడండి. ఆకుపచ్చగా పొర కడితే నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. 2024 చివర్లో వచ్చిన ఇన్సూరెన్స్ క్లెయిము వివరాలు అడగండి.

కార్బ్యురేటర్ 800 లాంటి కారులో నష్టం కొంతవరకూ తిరిగి రాబట్టుకోవచ్చు. వైర్లు తక్కువ, కంప్యూటర్ లేదు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఉన్న కారు మునిగి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. కనెక్టర్లలో తుప్పు నెమ్మదిగా పెరిగి, రోజుకో కొత్త లైటు వెలిగిస్తుంది.

ఇంజన్ దగ్గరికి ఇప్పుడు రండి

పొద్దున్నే వస్తామని, స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఎవరో ముందే వేడి చేశారు. చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయండి. నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటే ఇన్నేళ్లూ కూలెంట్ లేకుండా బోరు నీళ్లతో నడిచింది. గుంటూరు బోర్లలో చాలాచోట్ల నీళ్లు గట్టివి, రేడియేటర్ గొట్టాల్లో పెచ్చు కడతాయి. మూత తీసే ఉంచి స్టార్ట్ చేయించండి. రెండు నిమిషాల్లో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయింది.

సైలెన్సర్ పొగ చాలా చెబుతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషం మాత్రమే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి, ఆ పని చిన్నదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలంగా వస్తే పిస్టన్ రింగులు, బోరు అరిగాయి. ఎంతసేపైనా తగ్గని తెల్లపొగ తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ కాలుతోంది. నల్లపొగకి పెట్రోలు కారులో కార్బ్యురేటర్‌ని, డీజిల్‌లో ముందుగా ఎయిర్ ఫిల్టర్‌ని, పంపుని చూడాలి.

నిజంగా కొనాలనుకుంటే కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం) చేయించండి. ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ తిప్పాలి. రీడింగ్ ఎంత వచ్చిందన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. చదరపు సెంటీమీటరుకి ఒక కిలో మించి తేడా ఉంటే ఏదో చెడింది. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఈ ఒక్క విషయం తెలిస్తే హెడ్ పనా, బోరు పనా అన్నది తేలుతుంది, ఆ రెండింటి ఖర్చులకీ పొంతనే ఉండదు.

నడిపి చూడటం

బెంజ్ సర్కిల్ దగ్గర బయల్దేరి వారధి దాటి మంగళగిరి మీదుగా కాజ టోల్ గేటు ఇవతల దాకా వెళ్లి రండి. గుంటూరువాళ్లయితే కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కించండి, వేడీ బ్రేకులూ రెండూ అక్కడ బయటపడతాయి. హైవే మీద ఎనభైలో ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, వచ్చాక ఏసీ వేసి పది నిమిషాలు నిలబెట్టి అదే ముల్లు చూడాలి. నిలబెట్టినప్పుడు మాత్రమే పెరిగితే ఫ్యాన్, దాని స్విచ్, రిలే చూడండి. పరుగులో పెరిగితే రేడియేటర్ పూడుకుంది.

నాలుగో గేరులో నలభై మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ గర్జించి కారు వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి చిన్న గుండ్రం కొట్టండి, టిక్కు టిక్కుమంటే యాక్సిల్ జాయింట్. రెండో గేరులో వేగం పెంచి ఒక్కసారిగా కాలు తీసేస్తే గేరు బయటికి దూకకూడదు.

కాగితాలు

చూసిన కారు బాగుందని తేలాక కాగితాల్లో తొందరపడొద్దు. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో నంబరు కొట్టి ఇప్పుడున్నది ఎన్నో యజమాని, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ బకాయి, రిజిస్ట్రేషన్ గడువు చూడండి. చలాన్లు విడిగా చూడాలి. ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజన్ నంబర్లు కారు మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఇంజన్ మార్చిన కార్లు ఆటోనగర్ చుట్టుపక్కల తక్కువేమీ కాదు. మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే ఆ తలనొప్పి మీకొస్తుంది. ఫైనాన్స్ తీరిపోయిందని నోటిమాటతో సరిపెట్టుకోవద్దు, ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి రావాలి. పేరు మార్పిడికి ఫారం 29, 30 కావాలి. కొన్న 30 రోజుల్లోపు మీరు దరఖాస్తు చేయాలి.

ఏపీ 16 అంటే పాత కృష్ణా జిల్లా, ఏపీ 07 అంటే గుంటూరు. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది. హైదరాబాద్‌లో చవకగా దొరుకుతుందని తెలంగాణ కారు తెచ్చుకుంటే ఫారం 28 ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ రిజిస్టర్ చేయించి, లైఫ్ టాక్స్ కట్టాలి. చవక అనుకున్నది చాలావరకు అక్కడే పోతుంది, ముందే లెక్క వేసుకోండి.

పదిహేనేళ్లు నిండితే కారు తుక్కు చేయాలన్న భయం చాలామందిలో ఉంది. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోలుకి పదిహేనేళ్లన్న నిషేధం ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది, ఆంధ్రప్రదేశ్‌కి అది వర్తించదు. ఇక్కడ ఫారం 25తో దరఖాస్తు పెట్టి, కారు చూపించి ఫిట్‌నెస్ గెలిస్తే రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లు పొడిగిస్తారు. గడువు తీరడానికి 60 రోజుల ముందునుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. కారుకి రుసుము 5,000 రూపాయలు. 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పైగా గ్రీన్ టాక్స్ ఉంటుంది. గడువు దగ్గరపడిన కారైతే ఈ మొత్తం అమ్మేవాళ్ల లెక్కలోంచి పోవాలి.

కొన్నాక మొదటి నెల

కారు ధరలో నాలుగో వంతు పక్కన పెట్టుకోకుండా పాత కారు కొనొద్దు. ఆ డబ్బుతో స్టీరియో, సీటు కవర్లు కాకుండా బ్రేకులు, టైర్లు ముందు చేయించాలి. టైరు పక్కన అండాకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా మార్చండి, మన ఎండకి రబ్బరు పగులుతుంది. బ్రేక్ ఆయిల్ మొత్తం తీసి, మూత మీద రాసిన గ్రేడు పోసి, వీల్ సిలిండర్ల రబ్బర్లు, రబ్బరు గొట్టాలు కొత్తవి వేయించండి.

తర్వాత టైమింగ్ బెల్ట్. 800, జెన్, ఎస్టీమ్, శాంత్రో అన్నీ బెల్ట్ ఇంజన్లే. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్ట్ తెగితే కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకి తగిలి వంచేస్తాయి. కవర్ ఒకసారి తెరిచాక టెన్షనర్ బేరింగ్, క్యామ్, క్రాంక్ ముందు సీళ్లు కూడా వేయించండి. సీలు కారితే ఆయిల్ పడి కొత్త బెల్ట్ కూడా చెడుతుంది. 1.3 మల్టీజెట్ డీజిళ్లలో చైన్ ఉంటుంది కాబట్టి భయం లేదంటారు. ఆయిల్ మార్పు ఆలస్యమైన కార్లలో ఆ చైన్ సాగుతుంది. చల్లటి స్టార్ట్‌లో ముందువైపు గొలుసు గలగలమంటే వదిలేయొద్దు.

కూలింగ్ పనిని విడిగా, శ్రద్ధగా చేయించాలి. ఎండ దేశానికి థర్మోస్టాట్ అక్కర్లేదని చాలాచోట్ల తీసి పారేస్తారు. ఇది తప్పు. థర్మోస్టాట్ లేకపోతే హైవే మీద ఇంజన్ చల్లగానే ఉండిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బోరు త్వరగా అరుగుతుంది. పాతది పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. గిన్నెలో నీళ్లలో వేలాడదీసి వేడి చేయండి, సాధారణంగా 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. రేడియేటర్‌ని కింది గొట్టం వైపునుంచి నీళ్లు పెట్టి తిరుగుదిశలో కడిగించండి. గొట్టాలు, క్లిప్పులు, రేడియేటర్ మూత కొత్తవి వేయించండి. మూతలో స్ప్రింగ్ బలహీనమైతే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కొత్త మూతకి అయ్యేది చిన్న మొత్తమే. నింపేటప్పుడు సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు, కాలవ నీళ్లు వద్దు. హీటర్ మీటని పూర్తిగా వేడి వైపు ఉంచి, ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి స్టార్ట్ చేసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడ్లింగ్‌లో ఉంచితే లోపలి గాలి బయటికొస్తుంది. తగ్గినంత పోసి మూత పెట్టండి. వేడి ఇంజన్ మీద మాత్రం మూత తీయకండి, ఆవిరి మొహానికి కొడుతుంది.

ఎప్పుడో వేడెక్కిన ఇంజన్ హెడ్ దించాల్సి వస్తే లేత్ షాపులో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో మీ ఎదుటే కొలిపించండి. సుజుకి హెడ్లకి తేడా 0.05 మి.మీ. దాటితే ఫేసింగ్ అవసరం. కొలవకుండా గ్యాస్కెట్ మాత్రం మార్చి బిగిస్తే అదే పని మళ్లీ వస్తుంది. బోరు వేయాల్సివస్తే 0.25, 0.50 మి.మీ. పెద్ద పిస్టన్లు దొరుకుతాయి. పిస్టన్లు ముందు కొని, వాటిని కొలిచాకే బోరు వేయమనండి.

ఇ20 పెట్రోలుతో ఏం చేయాలి

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్ల రబ్బరు గొట్టాలు, కార్బ్యురేటర్ గ్యాస్కెట్లు దీనికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, తర్వాత గట్టిపడి పగులుతాయి. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కా ఇథనాల్ తట్టుకునే గొట్టంతో మార్చండి. ఇంజన్ గదిలో పెట్రోలు కారడం అంటే మంట, కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు. ఇథనాల్ ట్యాంకులో పేరుకున్న మడ్డిని వదిలిస్తుంది. అందుకే మొదటి వెయ్యి కిలోమీటర్లకే ఫ్యూయల్ ఫిల్టర్ మళ్లీ మార్చాలి. ఇథనాల్ వల్ల మిశ్రమం పలచబడి కార్బ్యురేటర్ కారు ఊగినట్టు నడుస్తుంది. పొల్యూషన్ చెక్ మెషిన్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) రీడింగ్ చూస్తూ మిక్చర్ స్క్రూ సరిచేయించండి. భారత్ స్టేజ్ 2 పొగ ప్రమాణాలకి ముందు తయారైన పెట్రోలు కార్లకి సీఓ పరిమితి 3 శాతం, ఆ లోపలే కుదురుతుంది.

విడిభాగాలు కొనేటప్పుడు

పాత ముక్కని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చండి. డోర్ అద్దాలు, లైట్లు, సీట్లు, బంపర్లు, మంచి గేరుబాక్స్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు. బ్రేకు భాగాలు, టైమింగ్ బెల్ట్, క్లచ్ ప్లేట్లు, టైర్లు, స్టీరింగ్ జాయింట్లు వాడినవి అస్సలు వద్దు. రబ్బరు సామాను కొత్త పెట్టెలో ఉన్నా తయారీ ఏడాది చూడండి. ఎంతో కాలంగా అల్మారాలో పడున్న బెల్ట్ కొత్తది కాదు.

రోజూ వాడని కారుని వారానికి ఒకసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేయడం వల్ల మంచికంటే చెడే ఎక్కువ. సైలెన్సర్‌లో నీళ్లు నిలుస్తాయి, బ్యాటరీ ఖర్చవుతుంది గానీ నిండదు. పదిహేను ఇరవై కిలోమీటర్లు ఏసీ వేసి నడపండి. రాత్రంతా నిలబడ్డ బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 రావాలి. వానాకాలంలో వారాల తరబడి నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా మొదటి గేరులో ఉంచి చక్రాల కింద దుంగలు పెట్టండి. వేసి వదిలేస్తే వెనక డ్రమ్ముల్లో లైనర్లు అతుక్కుపోతాయి, ఆ తర్వాత డ్రమ్ము ఊడదీయడమే ఒక పూట పని.